నాలుగంగుళాల గుమ్మం

ఈ వడగాలి ఒకటి, మాటిమాటికీ రెక్కల చప్పుడు చేసి నన్ను మోసం చేస్తోంది. వేపకొమ్మలు ఊగినప్పుడల్లా అదిగో వచ్చాడని మెడెత్తి చూడడం, ఎవడూ లేకపోతే మళ్ళీ దిండు మీద తల వాల్చడం, నిన్న పొద్దుట్నుంచీ నాకిదే ఉద్యోగం. నిన్న తెల్లారగానే వచ్చి ఏదో పండు అందించి వెళ్ళిన మగపిట్ట మళ్ళీ ఇటు మొహం చూపించలేదు. లోపల ఆడపిట్ట ఉంది, దాని పొట్టకింద పిల్లలున్నాయి, ఎన్నో తెలియదు, గొంతులు మాత్రం తెలుసు. వేపచెట్టుకి మేం కట్టిన చెక్కపెట్టెలోకి దూరి, గుమ్మాన్ని లోపల్నుంచి మట్టితో మూసేసుకుని కూర్చుంది మహాతల్లి. మిగుల్చుకున్నది వేలు పట్టేంత నిలువు సందు, ఆ సందులోంచి మొగుడు తెచ్చి నోట్లో పెడితేనే దానికీ పిల్లలకీ తిండి. వాడు రాకపోతే ఏమవుతుందో నేను ఆలోచించదలుచుకోలేదు, ఆలోచించకూడదనుకుంటూనే నిన్నట్నుంచి అదే ఆలోచిస్తున్నాను. పోనీ లేచి వెళ్ళి ఏమైనా చేద్దామా అంటే ఎడంకాలికి తొడదాకా పిండికట్టు. దానికి గుమ్మానికి కట్టు, నాకు కాలికి కట్టు, ఇద్దరం భిలాయ్ సెక్టర్ ఏడులో ఒకే క్వార్టర్ పెరట్లో ఎదురుబొదురుగా పడున్నాం, అది చెట్టు మీద, నేను వరండాలో నవారు మంచం మీద.

పొద్దున్న ఈయన డ్యూటీకి బయల్దేరుతుంటే చెప్పాను, ఏవండీ, వాడు రావట్లేదు, లోపలున్నవాళ్ళు ఆకలికి చచ్చిపోతారు, ఏదైనా చెయ్యండి అని. సైకిలు సీటు గుడ్డతో దులుపుకుంటూ "సూద్దాం" అన్నారు. ఈ "సూద్దాం" అనే మాటతో నేను పదహారేళ్ళుగా కాపురం చేస్తున్నాను. కొత్త కుక్కరు కొందామంటే సూద్దాం, మా తమ్ముడి పెళ్ళికి నాలుగు రోజుల ముందెళ్దామంటే సూద్దాం, ఇల్లు కాలిపోతోందన్నా సూద్దామంటారేమో. ఈయన పేరు పరబ్రహ్మం. పెట్టినవాళ్ళు ఏం ముందుచూపుతో పెట్టారోగానీ పిలిస్తే పలకరు, అడిగితే చెప్పరు, ఉన్నారో లేరో తెలియదు. స్టీల్ ప్లాంటులో ప్యాటర్న్ షాపు ఈయనది. ఇనుముతో పోతపొయ్యాల్సిన ప్రతి సామానుకీ ముందు చెక్కతో ఒక నమూనా చెయ్యాలి, దాన్ని ఇసకలో అచ్చేసి ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. రోజంతా టేకుచెక్కతో మాట్లాడేవాడికి ఇంటికొచ్చేసరికి మాటలు మిగలవు కాబోలు. కానీ పొద్దున్న ఆ మాటకి ఒళ్ళు మండింది. లోపల ప్రాణాలు పోతుంటే సూడ్డానికేముంది?

అసలిదంతా ఈ నోరు విప్పని గుణం వల్లే వచ్చింది. చలికాలం చివర్లో క్వార్టర్లకి రిపేర్లు చేసి, వెంటిలేటర్లన్నిటికీ ఇనపజాలీలు బిగించి వెళ్ళారు, దోమలు రాకుండా. దోమలు ఎలాగూ వచ్చాయి, పిచ్చుకలు పోయాయి. ఏటా మా ముందుగది వెంటిలేటర్లో గడ్డీ గాదమూ పోగేసి నా నెత్తిన పోసే పిచ్చుకలు జాలీ మీద ముక్కులు కొట్టుకుని కొట్టుకుని, తర్వాత కరెంటు తీగ మీద కూర్చుని మా గుమ్మంకేసి చూసేవి. మా అమ్మాయి సత్యశ్రీకి ఏడుపొక్కటే తక్కువ. ఎనిమిదో తరగతి, స్కూల్లో సైన్సు మిస్ పిచ్చుకల పెట్టెకి బొమ్మ గీయించిందట, తెచ్చి వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. ఎత్తు ఇరవై, వెడల్పు పదిహేను, గుమ్మం నాలుగు. అంతే, అంకెల పక్కన ఇంకేం లేదు. ప్లాంటు డ్రాయింగుల్లో కూడా అంకె పక్కన ఏమీ రాయరు, అన్నీ మిల్లీమీటర్లేనని అందరికీ తెలుసు. ఇరవై మిల్లీమీటర్ల పెట్టెలో చీమ కూడా కాపురం చెయ్యదు కాబట్టి, ఈయన బాగా ఆలోచించి, ఇంటి చెక్కపనంటే అంగుళాలే కదా అని తేల్చుకున్నారు. విశాఖపట్నం షిప్‌యార్డులో బాడిస పట్టి నేర్చిన చెయ్యి, మంచమైనా పీటైనా ఈయనకి అంగుళాల్లోనే కనిపిస్తుంది. పిల్ల రాసింది సెంటీమీటర్లు. ఇదే కొలతమ్మా అని ఒక్కమాట అడిగితే సరిపోయేది, అడిగితే పరబ్రహ్మం ఎందుకవుతారు? రెండు ఆదివారాలు కూర్చుని, మెషీన్లొచ్చిన పేకింగు చెక్కలు చిత్రిక పట్టి, మేకు కనపడకుండా మూలలు అతికి, ఒక చిన్న బీరువా తయారుచేసి పిల్ల ముందు పెట్టారు.

"పప్పా, యే క్యా హై?" అంది సత్యశ్రీ. "ఇది గౌరయ్యా కోసమా, హాథీ కోసమా?"

పిచ్చుకకా ఏనుగుకా అని. ఆ పిల్ల పుట్టింది ఇక్కడే, దానికి నవ్వొచ్చినా ఏడుపొచ్చినా ముందు హిందీ వస్తుంది. ఈయన బొమ్మకేసి చూశారు, పెట్టెకేసి చూశారు, సంగతి అర్థమై చెవులు ఎర్రబడ్డాయి, నోరు మాత్రం విప్పలేదు. మర్నాడు సాయంత్రానికల్లా సెంటీమీటర్లతో బుల్లి పెట్టె చేసిచ్చేశారు, అది స్కూలుకి పోయింది. పెద్దదాన్ని పొయ్యిలో పెట్టడానికి చేతులు రాక వేపచెట్టు పంగలో నిలబెట్టి తీగలతో బిగించారు. ఇక చూడండి, క్వార్టర్ల లైనంతా వచ్చి ముక్కున వేలేసుకోవడమే. పిచ్చుకలకి ఆఫీసర్ల బంగళా అలాటయిందటగా అని ఒకరు, ఖాళీ చేస్తే మా మరిదికి చెప్పండమ్మా అని ఒకరు. నేనూ తక్కువ తినలేదు, నాలుగంగుళాల గుమ్మానికి తోరణం కట్టమంటారా, కాలింగ్ బెల్లు పెట్టిస్తారా అని రోజూ వడ్డించేదాన్ని. పిచ్చుకలు వచ్చాయి, గుమ్మంలో నిలబడి లోపలి చీకట్లోకి తొంగిచూశాయి, భయపడి పోయి మీటరు డబ్బా వెనకాల కాపురం పెట్టాయి. పెట్టె మాత్రం ఖాళీగా ఉండలేదు. ముందు ఉడతలొచ్చి నా దిండులో దూది పీక్కెళ్ళి పరుపు వేసుకున్నాయి. వాటిని గోరింకలు తరిమేశాయి. గోరింకల గొడవ సద్దుమణిగిందనుకున్న రోజున బట్టలు ఆరేస్తూ తలెత్తి చూస్తే గుమ్మంలోంచి ఒక తల, చీలిన నాలుక చాపుతూ, దర్జాగా నావైపే చూస్తోంది. ఉడుము! బకెట్టు అక్కడే వదిలేసి లోపలికొచ్చి గడియ పెట్టుకున్నాను. ఇన్నేళ్ళు ఈ పెరట్లో బట్టలుతుక్కుని, అంట్లు తోముకుని, ఇదంతా నాదే అనుకున్నాను. ఇక్కడ నాకు తెలియకుండా ఇంతమంది ఉంటున్నారని, వాళ్ళకి ఒక గుమ్మం చూపిస్తేగానీ నాకు తెలియలేదు.

మళ్ళీ చప్పుడు. కాదు, ఎండిన వేపాకులు రేకు మీద పడ్డాయి.

వీళ్ళు వచ్చింది హోళీ వెళ్ళాక. మన వైపు ఈ పిట్టనేమంటారో నాకు తెలియదు, ఇక్కడివాళ్ళు ధనేశ్ అంటారు. బూడిదరంగు ఒళ్ళు, పొడుగు తోక, ఒంటికి మించిన వంకీ ముక్కు, ఆ ముక్కు మీద మొలక లాంటి ఇంకో చిన్న కొమ్ము. మొదట చూసినప్పుడు ఇదేం రూపంరా దేవుడా అనుకున్నాను. కొమ్మ మీదికొచ్చి వాలితే కొమ్మ కిందికి దిగిపోయేది, గద్దలా కీచుమనేవాళ్ళు. మగవాడు పెట్టె చుట్టూ తిరిగి, ముక్కుతో గోడలు కొట్టి చూసి, పక్కకి జరిగి ఆడదానికి దారిచ్చేవాడు. అది లోపలికెళ్ళి చాలాసేపు ఉండి బయటికొచ్చేది, నచ్చలేదన్నట్టు ఎగిరిపోయేది, వాడు వెనకాలే పరుగు. క్వార్టరు చూసుకోవడానికొచ్చిన కొత్త మొగుడూపెళ్ళాల్లాగే ఉన్నారు. ఒకరోజు లోపలికెళ్ళిన ఆడది మళ్ళీ బయటికి రాలేదు, వాడు ముక్కున మట్టి తెచ్చి అందిస్తున్నాడు. తర్వాత చూస్తే గుమ్మం సగం లేదు. ఇంకో నాలుగు రోజులకి మొత్తం బూడిదరంగు మట్టితో పూడిపోయింది. పక్కింటి సింహాచలమ్మ పిన్ని కందిరీగల గూడని తేల్చేసింది, తియ్యకపోతే కొంపలంటుకుంటాయంది. ఈయన ఉలీ సుత్తీ పట్టుకుని నిచ్చెనెక్కారు. ఉలి ఆ మట్టికి ఆనించి సుత్తి ఎత్తేసరికి సందులోంచి చివాలున ఒక ముక్కు బయటికొచ్చి ఉలిని టక్కున కొట్టింది. ఈయన నిచ్చెన మీద వెనక్కి తూలి, కొమ్మ పట్టుకుని ఆగి, నవ్వారు. చిన్న నవ్వు కాదు, తల వెనక్కి వాల్చి, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా. ఈ మనిషిలో అంత నవ్వుందని నాకు పెళ్ళైన ఇన్నేళ్ళకి తెలిసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆ మట్టికట్టు చెక్కకి ఎలా అతుక్కుందో అంచు వెంబడి వేలితో తడిమి, "ఫిట్టింగు బాగున్నాది" అన్నారు. నా వంటని ఏనాడూ బాగుందనని మనిషి! నాకు కొంచెం అసూయగానే అనిపించింది, అయినా ఆ రోజంతా నేనూ నవ్వుతూనే ఉన్నాను.

అప్పట్నుంచి వాడి రాకపోకలు మాకు గడియారం అయిపోయాయి. వాడు రావడం ఒక వైభోగం. తిన్నగా పెట్టె మీదికి రాడు, ముందు జామచెట్టు మీద వాలి, పిల్లులున్నాయేమోనని అటూ ఇటూ చూసి, అప్పుడు బెరడు పట్టుకుని సందు ముందు నిలబడతాడు. చూస్తే ముక్కులో ఏమీ ఉండదు. తల ఒక్కసారి విదిలిస్తాడు, గొంతులోంచి ఒక పండు ముక్కు కొసకొస్తుంది, అది అందిస్తాడు. మళ్ళీ విదిలిస్తాడు, ఇంకోటి. అలా ఒకదాని తర్వాత ఒకటి, తనకంటూ ఒక్కటి మింగకుండా. సత్యశ్రీ స్కూల్లో అడిగొచ్చింది, లోపల కూర్చున్నాక ఆడదాని రెక్కల ఈకలన్నీ రాలిపోతాయట, కొత్తవి మొలిచేదాకా ఎగరలేదట. విని నేను చేస్తున్న పని ఆపేశాను. ఎంత ధైర్యముండాలి! ఎవరూ తోసి తలుపెయ్యలేదు, తనే కూర్చుని, తన చేత్తోనే మూసేసుకుని, ఈకలు కూడా వదిలేసుకుంది. వాడొస్తాడని. నాకు ఆ ఎండాకాలం గుర్తొచ్చింది, పెళ్ళైన కొత్తలో విజయనగరంలో రైలెక్కి దుర్గ్‌లో దిగి, ప్లాంటు మీద ఎర్రబడ్డ ఆకాశం చూసి ఎవరి ఇల్లో తగలబడిపోతోందని ఈయన చొక్కా పట్టుకున్న ఏడాది. హిందీ ముక్క రాదు. లూ వడగాలి కొడుతుందని పగలంతా తలుపులు బిడాయించుకుని, కూరలబండివాడు అరిస్తే కిటికీ రెక్క సందులోంచి చూసి, పిలవడానికి భయపడి, ఊరుకునేదాన్ని. సాయంత్రం ఈయనొచ్చి సంచీలోంచి కూరలు ఒక్కోటీ తీసి నా ముందు నేల మీద పెట్టేవారు. ఇది లౌకీ. ఇది తోరీ. ఇది కుందురూ. పెట్టినదాని పేరు చెప్పడం, నేను అప్పజెప్పేదాకా ఆగడం, ఇంకోటి తియ్యడం. అవే ఈయన నాతో మాట్లాడిన మాటలు, ఆ మాటలతోనే నేను హిందీ నేర్చుకున్నాను. అప్పుడు నేను దాన్ని జైలనుకున్నాను, మా అమ్మకి చెప్పుకుని ఏడ్చాను కూడా. సంచీలోంచి రోజూ కూరలు తీసి పెట్టే చెయ్యిని మాత్రం ఇన్నేళ్ళూ సరిగ్గా చూడలేదేమో.

చూడలేదని ఎందుకంటాను, చూశాను, దెప్పాను కూడా. కుళాయి దగ్గర పాచి మీద జారి ఈ కాలు విరిగిన రోజు, సింహాచలమ్మ పిన్నే మనిషిని పంపి షాపుకి కబురు చెప్పించింది. పెద్దాసుపత్రిలో కట్టు వేస్తుంటే నా కళ్ళు గుమ్మం మీదే. డ్యూటీ మధ్యలో బయటికి రావాలంటే ఔట్‌పాస్ రాయించుకోవాలి, అందరూ తీసుకుంటారు, సినిమాకి కూడా తీసుకుంటారు. ఈయన సర్వీసులో ఒక్కటి లేదు, సత్యశ్రీ పుట్టిన రోజున కూడా లేదు. ఆ రోజూ ప్లాంటు భోంపూ మోగి, షిఫ్టు వదిలి, పనిముట్లు తుడిచి లోపల పెట్టాకే వచ్చారు. ఏం మనిషండీ మీరు అన్నాను. "డాక్టరున్నాడు కదేటి. నానొచ్చి సేసీదేటున్నాది?" అన్నారు. ఆ మాట నేను లైనంతా తిరగలేను కాబట్టి వచ్చినవాళ్ళందరికీ మంచం మీంచే చెప్పాను. మరి ఆ తర్వాత ఎండలు ముదిరి, పిల్లని మా అమ్మ దగ్గరికి పంపేశాక, నన్ను కూర్చోబెట్టి లేపి, నేను చెప్పుకోలేని పనులన్నీ మొహం చిట్లించకుండా చేసి, ఉప్పు వెయ్యడం మర్చిపోయిన పప్పులు వండిపెట్టి, రోజూ పొద్దున్నే నా జుట్టు చిక్కుతీసి జడ వేస్తున్నది ఎవరు? కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటుంది ఈయనకి, ఎప్పుడో రంపం తీసుకుపోయింది. ఆ సగం వేలితో పాయలు విడదీసి, మూడూ సమానంగా ఉన్నాయో లేదో వెనక్కి జరిగి చూసి మరీ అల్లుతారు. జడ ఎక్కడ నేర్చుకున్నారంటే తాడు అల్లడమే కదా అన్నారు. ఈ సంగతులు మాత్రం నేను వచ్చినవాళ్ళెవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది.

ఎండ వరండా గచ్చు దాటి నా మంచం కోళ్ళ దాకా వచ్చింది. పెట్టెలో పిల్లల గొంతులు పొద్దున్న గుక్క తిప్పుకోకుండా ఉన్నవి ఇప్పుడు ఆగి ఆగి వస్తున్నాయి. ముక్కు మాత్రం సందులో కొస కనపడేలా పెట్టుకుని కూర్చుంది తల్లి, కదలదు. అది కూడా నాలాగే ప్రతి చప్పుడూ వింటోంది.

సింహాచలమ్మ పిన్ని వెనక గేటు తోసుకుని వచ్చింది, చేతిలో మజ్జిగ గ్లాసు. "ఏటమ్మీ, ఆడింకా రానేదా?" అని, నా మొహం చూసి, పెట్టెకేసి చూసింది. "ఇంక రాడే. ఈ ఎండకో, కరెంటు తీగలకో అయిపోయుంటాడు. నేదంటే ఇంకో దాన్ని సూసుకునుంటాడు."

"వాణ్ణి ఆ మాటనకండి పిన్నీ. వాడలాంటివాడు కాదు."

"నువ్వు సూసొచ్చినట్టే సెప్తన్నావు. సర్లే, మగోడు రాపోతే ఆడది సచ్చిపోవాలేటి? ఆ మట్టి పగలగొట్టీమంటే దాని దారిన అదెగిరిపోద్ది." అంటూనే మూలనున్న దోటి అందుకుంది. మనసు మంచిదే పిన్నిది, నోటికన్నా చెయ్యి ముందుంటుంది. దానికి ఈకల్లేవు పిన్నీ, ఎగరలేదు, కిందపడితే కాకులూ పిల్లీ ఒక్క నిమిషం ఉంచవు అని నేను చెబుతూనే ఉన్నాను, ఆవిడ చెట్టు కిందికి వెళ్ళిపోయింది. దోటి పైకి లేచింది. కొస మట్టికట్టుకి జానెడు దూరంలో ఊగుతోంది. నేనెలా లేచానో నాకు తెలియదు. మంచం పట్టె పట్టుకుని, మంచి కాలు నేల మీద పెట్టి, పిండికట్టు కాలు కూడా పెట్టేసి, స్తంభం పట్టుకుని నిలబడి, నాలో ఇంత గొంతుందా అనుకునేలా అరిచాను. "ముట్టుకోవద్దు! అది కట్టుకున్న గోడ అది! మీకూ నాకూ తియ్యడానికి హక్కు లేదు!" దోటి గాలిలో ఆగిపోయింది. సందులోంచి ముక్కు మొత్తం బయటికొచ్చి, దోటి కొసని ఒక్కటి కొట్టి, మళ్ళీ లోపలికెళ్ళింది. రెండు రోజుల ఆకలి మీద కూడా దానికి తగువులాడే ఓపికుంది.

"ఒలమ్మ, నీకు పిచ్చిగాని పట్టిందేటే, ఆ కాలు మళ్ళీ ఇరగ్గొట్టుకుంతావేటి!" అని పిన్ని దోటి పడేసి పరుగున వచ్చి నన్ను పట్టుకుని పడుకోబెట్టింది. కాలు లోపల నిప్పు పెట్టినట్టుంది. మజ్జిగ తాగమంది, గొంతు దిగలేదు. పొద్దున్న ఈయన మూతపెట్టి వెళ్ళిన అన్నం అలాగే ఉండడం చూసి, నిన్నా ఇంతేనా అని నాలుగు తిట్టింది, తడిగుడ్డతో మొహం తుడిచింది, మీ ఆయన్ని రానీ సెప్తానని వెళ్ళిపోయింది.

 వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు ఆరిపోయి వాసన మాత్రం మిగిలింది. దూరంగా ప్లాంటు రొద, ఎప్పుడూ ఉండేదే, ఉందని కూడా తెలియనిది, ఇవాళ దాని వెనకాల ఇంకేం వినపడుతుందా అని చెవులు రిక్కించాను. పిల్లల గొంతులు లేవు. ఒకటి ఉన్నట్టుంది, లేదు, బావురుమంటున్నది వీధిలో ఎవరి పిల్లో. సత్యశ్రీ రైలెక్కేముందు నా గెడ్డం పట్టుకుని, అమ్మా నేనొచ్చేదాకా ఇస్కా ఖయాల్ రఖ్‌నా అంది. సరేనన్నాను, మంచం మీంచి కదల్లేనిదాన్ని సరేనన్నాను, ఎందుకంటే చూసుకోవాల్సిన పని ఏమీ లేదప్పుడు, చూసుకునేవాడు వాడున్నాడు. ఇప్పుడు పిల్లకేం చెప్పాలి? పిన్నిని ఆపేసి తప్పు చేశానా? గోడ పగిలితే కాకులు తింటాయి, పగలకపోతే ఆకలి తింటుంది, మధ్యలో నా అరుపొకటి. ఎందుకంత అరిచానో నాకు తెలుసు. అది తెలివితక్కువై మూసుకోలేదు, నమ్మి మూసుకుంది. దాన్ని బయటికి లాగితే, అలా నమ్మడమే తప్పని దానికి చెప్పినట్టవుతుంది. అది నేను చెప్పలేను. దానికే కాదు, ఎవరికీ చెప్పలేను. కళ్ళమ్మట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోబుద్ధి కాలేదు.

సైకిలు స్టాండు వేసిన చప్పుడు. ఎవరో మీటరు చూడ్డానికొచ్చుంటారు. భోంపూ ఇంకా మోగలేదు, ఈయనైతే కాదు. అడుగులు ఇంటి పక్క నుంచి పెరట్లోకొచ్చాయి, తల తిప్పితే ఎవరో ముసలాయన, జుట్టు తెల్లగా, కనుబొమలు తెల్లగా, చొక్కా తెల్లగా. ఆ నడక ఈయనదే. ప్లాంటు దుమ్మైతే ఎర్రగా ఉంటుంది, తెల్లదుమ్మంటే జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ రోడ్డు. ఈ ఎండలో సైకిలు మీద జాముల్ దాకా ఎందుకెళ్ళారు, డ్యూటీ మధ్యలో ఎలా వచ్చారు? ఈయన నాకేసి ఒకసారి చూసి, భుజాన సంచీ దించకుండానే, గోడకి చేర్చిన నిచ్చెన తెచ్చి చెట్టుకి వేశారు. మెల్లగా ఎక్కారు. సంచీలోంచి తీసింది ఎర్రగా పండిన మేడిపండు.

సగం వేలికీ బొటనవేలికీ మధ్య ఆ పండు పట్టుకుని సందు ముందు చెయ్యి చాచారు. ముక్కు బయటికొచ్చి ఫట్‌మని కొట్టింది, పండు కింద పడింది, వేలి నుంచి రక్తం వచ్చింది. ప్యాటర్న్ చేసేవాడికి వేళ్ళే కదా బతుకు, వద్దండీ అనబోయాను. ఈయన రక్తం చొక్కాకి తుడుచుకుని ఇంకో పండు తీశారు. ఈసారి దూరంగా చాచలేదు, సందుకి దగ్గరగా పెట్టి, చెయ్యి అలాగే ఉంచి, ఆగారు. వంకర చెక్కని సరిచెయ్యడానికి బిగించి రోజుల తరబడి ఆగే మనిషి, ఈ ఆగడం ఈయనకి కొత్త కాదు. చెమట తెల్లదుమ్ములోంచి చారలుగా కారుతోంది, చెయ్యి వణకట్లేదు.  అప్పుడు ఈయన తల ఒక్కసారి విదిలించారు. ఈగ వాలిందో, వాణ్ణి రోజూ చూసి చూసి నేర్చుకున్నారో నాకు తెలియదు, అడిగినా చెప్పరు. ముక్కు నెమ్మదిగా బయటికొచ్చింది. పండుని తాకింది, వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. కొసతో జాగ్రత్తగా, వేలు తగలకుండా, పండు పట్టుకుని లోపలికి తీసుకుంది.

లోపల ఒక కీచు. వెంటనే ఇంకొకటి. తర్వాత అందరూ ఒక్కసారే లేచారు, పెట్టె పెట్టంతా గోల. నేను మంచం మీద పడుకుని ఏడుస్తూ నవ్వుతూ చప్పట్లు కొట్టాను, ఈయన వెనక్కి తిరిగి చూడకుండా ఇంకో పండు తీశారు, ఇంకోటి, ఇంకోటి, ఒక్కోటీ ఇచ్చి, అది అందుకునేదాకా ఆగి. ఇది లౌకీ, ఇది తోరీ. సంచీ సగం ఖాళీ అయ్యాక దిగొచ్చి కుళాయి కింద తల పెట్టారు. తెల్లజుట్టు కడిగేస్తే మళ్ళీ మా ఆయనే అయ్యారు. నాకు పొగడాలనే ఉంది, ఎలా మొదలెట్టాలో అలవాటు లేదు, అందుకని అలవాటైన దారిలోనే వెళ్ళాను.

"ఔట్‌పాస్ తీసుకున్నారా?"

"ఊఁ."

"నా కాలు విరిగితే రాని ఔట్‌పాసు పిట్టకొచ్చిందన్నమాట."

ఈయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మూతపెట్టిన నా కంచం దగ్గరికెళ్ళి మూత తీసి చూశారు. "పిట్టక్కాదు," అన్నారు. "నిన్నట్నించి నువ్వు ముద్ద ముట్నేదు. అది తింతేగాని నువ్వు తినవు."

అప్పుడు మోగింది భోంపూ. షిఫ్టు వదిలారు.  ఆ మోత ఆగాక అడిగాను, వాడేమయ్యుంటాడండీ అని. చెట్టుకేసి చూసి, "రాగలిగితే వొచ్చీవోడే," అని, "జాముల్ రోడ్డులో సెట్టునిండా పళ్ళున్నాయి. పొద్దున్నే ఎల్లొస్తాను," అన్నారు. ఇన్ని మాటలు ఒకే పూటలో ఈ మనిషి నోట ఎప్పుడు విన్నానో గుర్తులేదు. మీరు చాలా గొప్పవారండీ అన్నాను. నిజంగానే అన్నాను, పైకే అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి ఈయనకి, వినపడనట్టు వంటింట్లోకి వెళ్ళి వేడి అన్నం వార్చి, పప్పు కలిపి తెచ్చారు. రోజూ కంచం నా ఒళ్ళో పెట్టేవారు. ఇవాళ పెట్టలేదు. మంచం పక్కన పీట మీద కూర్చుని, మేడిపళ్ళ వాసనొస్తున్న వేళ్ళతో, దెబ్బ తగిలిన వేలు పైకెత్తి పట్టుకుని, ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టి ఆగారు. నోరు తెరిచాను. ఈ పూటా పప్పులో ఉప్పు లేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు ఖాళీ ఉంటేగా.